ధైర్యంగా ఉండమన్న తర్వాత

రావులపాలెం అరటి యార్డుకి వెళ్లే దారిలో మందుల దుకాణం నడిపే ఒక మరిది, రొమ్ము కేన్సరుకి వైద్యం ముగిసి నాలుగేళ్లు దాటిన ఒక వదిన. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లే. వాళ్ల వాదన మాత్రం ఆ జబ్బు వచ్చి వెళ్లిన ఏ ఇంట్లోనైనా వినిపించేదే. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడమూ అయింది. రిపోర్టులో ఏమీ లేదన్నారు. అయినా నొప్పి పోలేదు. ఆ నొప్పిలో మనసుకి వాటా ఉందా? ఉందంటే ఆ మాట ఆమెకి మేలు చేస్తుందా, నెత్తిన ఇంకో బరువు పెడుతుందా? వదిన లెక్కల టీచరుగా రిటైరయ్యారు. మరిది బి.ఫార్మసీ చదివాడు. ఆధారం చూపించందే ఎదుటివాళ్ల మాట ఒప్పుకునే రకం కాదు ఇద్దరూ. గెలల లారీలు వెళ్లిపోయి రోడ్డు కాస్త నెమ్మదించిన వేళ, కౌంటరుకి అటొకరు ఇటొకరు కూర్చున్నారనుకోండి.

మరిది: నిన్న పెళ్లిలో మీరన్న మాట నాకు నచ్చలేదు వదినా. "నా నొప్పిలో సగం భయమే" అన్నారు, అంతమంది ఆడవాళ్ల ముందు. ఇక రేపు మీరు చెయ్యి ఎత్తలేకపోయినా "అదంతా మనసేలే, ధైర్యంగా ఉండమ్మా" అని తేల్చేస్తారు.

వదిన: ఉన్నమాటే అన్నాను కదయ్యా.

మరిది: ఉన్నమాట నేను చెప్తాను వినండి. మీ చంకలో గ్రంథులు తీశారు. ఆ దారినే పై చేతి లోపలివైపుకి పోయే నరం ఒకటుంది. కోతలో అది తెగుతుంది, లేదా సాగి దెబ్బతింటుంది. అందుకే అక్కడ తాకితే మొద్దు, తాకకపోతే మంట. డెన్మార్కులో రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్లని మూడువేల మందికి పైగా అడిగి 2009లో ప్రకటించారు. రెండు మూడేళ్లు గడిచాక కూడా నూటికి 47 మంది నొప్పి ఉందన్నారు. చంకలో గ్రంథులు పూర్తిగా తీసినవాళ్లకి మరీ ఎక్కువ. వాళ్లందరికీ ధైర్యం లేకనా? దానికి తోడు మీరు రోజూ వేసుకునే హార్మోను మాత్ర, లెట్రోజోల్. ఆ జాతి మాత్రలు వేసుకునేవాళ్లలో దాదాపు సగం మందికి కీళ్లు పట్టేస్తాయి. కీమోలో ఎక్కించిన పాక్లిటాక్సెల్ వల్ల అరికాళ్ల తిమ్మిరి. మూడు నొప్పులు, మూడు కారణాలు, మూడూ ఒంట్లోవే. ఇందులో మనసెక్కడుందండీ?

వదిన: నరం దెబ్బతిందని నేను కాదన్నానా? అదే నరం, అదే చెయ్యి, అదే మాత్ర. మరి విశాఖ పక్కన అగనంపూడి కేన్సరు ఆస్పత్రికి చెకప్‌కి వెళ్లే ముందు వారం ఆ చెయ్యి నన్ను పడుకోనివ్వదు. రిపోర్టు బాగుందని చెప్పి పంపిస్తారు చూడు, తిరుగు రైల్లో అన్నవరం దాటేసరికి అదే చేత్తో సంచి పైకి పెడతాను. లెక్కల దాన్ని కదా, పుస్తకంలో రాసుకున్నాను. నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె, పక్కన ఎంతసేపు నిద్రపోయానో, ఆ రోజు ఎవరు ఏమన్నారో. నొప్పి అంకె పెరిగిన రోజుల పక్కన పనెక్కువైందని రాసింది తక్కువ. నిద్ర లేదనో, ఎవరికో తిరగబెట్టిందనో రాసిందే ఎక్కువ. నీ మూడు కారణాలూ ఆ రోజు ఉన్నాయి, మర్నాడూ ఉన్నాయి. మారింది వేరే ఏదో కదా?

మరిది: ఒక్కరి పుస్తకం ఋజువు కాదండి.

వదిన: ఒక్కదాన్నే కాదు. అమెరికాలో 2013లో 611 మందిని చూశారు. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లే. ఎవరికి నొప్పి నిలిచిపోయింది, ఎవరికి పోయింది అని లెక్క తీస్తే, గడ్డ ఎంత పెద్దది, ఏ రకం కోత అన్న తేడాలకంటే ఆందోళన, నిద్రలేమి, నొప్పి రాగానే "ఇక నా పని అయిపోయింది" అనుకునే తీరు, ఇవే గట్టిగా ముడిపడి కనిపించాయి.

మరిది: ముడిపడ్డాయంటే కారణమైనట్టా? నొప్పి వల్లే నిద్ర పట్టదు. నొప్పి వల్లే ఆందోళన. లెక్కల టీచరుగారికి నేను చెప్పాలా ఆ సంగతి?

వదిన: ఆ ప్రశ్న న్యాయమైనదే. రెండువైపులా నడుస్తుంది. నొప్పి నిద్రని చెడగొడుతుంది, చెడిన నిద్ర మర్నాటి నొప్పిని పెంచుతుంది. ఎటునుంచి మొదలైందో తేలకపోయినా, నిద్రవైపునుంచి దాన్ని తెంపొచ్చు కదా? నీ చేతిలో ఉన్నది ఒక కొసే. రెండో కొస కూడా పట్టుకోమంటున్నాను.

మరిది: వదినా, నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో మీకు తెలుసు. అమ్మ విషయం.

వదిన: తెలుసు.

మరిది: అమ్మ పోయింది 1997లో. గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సరు. ఆఖరి నెలల్లో వీధి చివరికి వినపడేది ఆవిడ కేక. వచ్చినవాళ్లందరూ ఏమన్నారు? "ధైర్యం వదిలేసింది పాపం. దేవుడి మీద భారం వేసి మనసు గట్టి చేసుకుంటే ఇంత బాధ ఉండదు." నాన్న కూడా అదే అన్నాడు. నేనూ నమ్మాను. తర్వాత ఫార్మసీలో చేరాక తెలిసింది, అమ్మకి లేనిది ధైర్యం కాదు, మార్ఫిన్. మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. ఒక్కో ఆస్పత్రికి నాలుగైదు రకాల లైసెన్సులు, ఏ కాగితంలో తప్పు జరిగినా జైలు. దాంతో షాపులూ ఆస్పత్రులూ మార్ఫిన్ ఉంచడం మానేశాయి. ఆ చట్టం వచ్చిన పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దాదాపు 97 శాతం పడిపోయింది. నల్లమందు గసాలు మన దేశంలోనే, ప్రభుత్వ అనుమతితోనే, మధ్యప్రదేశ్ రాజస్థాన్ పొలాల్లో పండుతున్నాయి. మనవాళ్లకి మాత్రం మాత్ర లేదు. చట్టం సవరించింది 2014లో. అమ్మ పోయిన పదిహేడేళ్లకి. ఒక మాత్ర లేక కలిగిన బాధకి, ఆవిడ మనసు బలహీనమని పేరు పెట్టారు. అందుకే మనసు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వదిన: ఆవిడ పక్కన రాత్రిళ్లు పడుకున్నదాన్ని నేను. నీకంటే నాకు తక్కువ గుర్తా? ఆవిడ అరిచింది నొప్పికే. కానీ ఆ కేకల మధ్య నాతో ఏమనేదో నీకు తెలీదు. "నేను ఏ పాపం చేశానే, ఈ చోటే ఎందుకొచ్చిందే" అనేది. చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి మాట్లాడుతున్నారని, తన గ్లాసు విడిగా పెట్టారని గమనించేది. మార్ఫిన్ ఉంటే కేక ఆగేది. ఆ గ్లాసు సంగతి ఆగేది కాదు. లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమం పెట్టింది. చనిపోబోయేవాళ్ల నొప్పిలో ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటివాళ్ల దిగులు, ఎందుకిలా అయిందన్న ప్రశ్న, అన్నీ కలిసే ఉంటాయంది. కానీ ఆవిడ ముందు చేసిందేమిటి? గడియారం చూసి వేళకి మార్ఫిన్ నోట్లో వేయడం. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ముందే వేయడం. ఆ తర్వాతే మంచం పక్కన కూర్చుని వినడం. ముందు మందు, తర్వాత మాట. మందు ఇవ్వకుండా మాట చెప్పినవాళ్ల మీద నీ కోపం. మందు ఇచ్చి మాట వినకుండా పోయేవాళ్ల మీద నా కోపం.

మరిది: సరే, ఇంకోటి అడుగుతాను. మనసు గట్టిగా ఉంటే కేన్సరు తిరగబెట్టదని చెప్పే పుస్తకాలు ఎన్ని లేవు? టీవీలో రోజూ ఎవరో ఒకరు "నేను పాజిటివ్‌గా ఉన్నాను కాబట్టే గెలిచాను" అంటారు. మరి ఓడినవాళ్లు? వాళ్లు నెగటివ్‌గా ఉన్నారా? 1989లో డేవిడ్ స్పీగెల్ అనే డాక్టరు ఒక పరిశోధన వేశాడు. వ్యాధి ఒళ్లంతా పాకిన 86 మంది ఆడవాళ్లలో కొందరిని వారంవారం కూర్చోబెట్టి మాట్లాడిస్తే, వాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు కాలం బతికారన్నాడు. ప్రపంచమంతా మారుమోగింది. తర్వాత ఏమైంది? కెనడాలో 235 మందితో మళ్లీ చేస్తే 2001లో ఆయుష్షు పెరగలేదని తేలింది. స్పీగెల్ తనే మళ్లీ చేశాడు. 2007లో తనకే రాలేదు ఆ ఫలితం. అదే ఏడాది ఇంకో లెక్క వచ్చింది. తల, గొంతు కేన్సర్లున్న వెయ్యిమందికి పైగా మనోస్థితి ముందే కొలిచిపెట్టుకుని చూస్తే, ఉల్లాసంగా ఉన్నవాళ్లు ఎక్కువ బతకలేదు, దిగులుగా ఉన్నవాళ్లు తక్కువ బతకలేదు. కేన్సరుని తగ్గించేది మందండీ. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన మందులతో 1948లో పసిపిల్లల రక్తకేన్సరు వెనక్కి తగ్గింది, కొన్నాళ్లకైనా. ఆ పిల్లలకి ధైర్యం నూరిపోసి కాదు.

వదిన: అక్షరాలా ఒప్పుకుంటున్నాను. నా దిగులు వల్ల గడ్డ రాలేదు. నా నవ్వు వల్ల అది రాకుండా ఆగదు. నాకు ఈ మాట ఒక ఆంకాలజిస్టు మొదటి రోజే చెప్పి ఉంటే, ఆ ఏడాది ఏడవడానికి కూడా భయపడేదాన్ని కాదు. కన్నీళ్లొస్తే రోగం తిరగబెడుతుందేమో అని బాత్రూంలో కుళాయి తిప్పుకుని నోరు నొక్కుకున్నాను తెలుసా? కానీ నువ్వు ఆ కెనడా పరిశోధన సగమే చెప్పావు.

మరిది: ఏ సగం?

వదిన: ఆయుష్షు పెరగలేదు, నిజం. అదే పరిశోధనలో, అదే ఆడవాళ్లలో, గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లకి దిగులు తగ్గింది, నొప్పి తగ్గింది. మొదట్లో ఎవరు ఎక్కువ బాధలో ఉన్నారో వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. నువ్వు మొదటి ఫలితం చూసి పుస్తకం మూసేశావు. ఎన్నాళ్లు బతుకుతాననేది ఒక ప్రశ్న, ఎలా బతుకుతాననేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మనసు జవాబు కాదు. రెండోదానికి మనసు లేకుండా జవాబు లేదు.

వాళ్లని ఇక్కడ ఒక్క నిమిషం ఆపి నేనొక మాట చెప్పాలి. మన ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి మాట్లాడటం వల్ల జరిగే హాని చిన్నది కాదు. "ధైర్యంగా ఉండు, అదే పోతుంది" అన్నప్పుడు అనేవాళ్ల మనసు మంచిదే. వినేవాళ్లకి మాత్రం, తిరగబెడితే తప్పు నాదే అన్న అర్థం వస్తుంది. అది విన్నవాళ్లు నొప్పి చెప్పడం మానేస్తారు. నొప్పి చెప్పనివాళ్లకి వైద్యం జరగదు. కేన్సరుని నయం చేసే వైద్యం పూర్తయినవాళ్లలో కూడా నూటికి 39 మందికి నొప్పి ఉంటుందని 2016లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసి చెప్పారు. ఆ 39 మందిలో ఎందరు "బానే ఉన్నానండీ" అని చెకప్ గదిలోంచి బయటికొస్తున్నారో అన్నది నన్ను వదలని ప్రశ్న.

మరిది: పోనీ, నొప్పిని మనసు ఎలా మారుస్తుంది? దారి చెప్పండి. దారి లేని మాట నేను నమ్మను.

వదిన: దారి 1965లోనే చెప్పారు, మెల్జాక్, వాల్ అని ఇద్దరు. ధవళేశ్వరంలో ఎగువన ఎంత వరద ఉన్నా, తలుపు ఎత్తినంత నీరే మన కాలవలోకి వస్తుంది కదా? వెన్నుపాములో అలాంటి తలుపు ఉందన్నారు. చేతినుంచి బయల్దేరిన సంకేతం అక్కడ ఆగి, పైనుంచి మెదడు పంపే ఆజ్ఞని బట్టి పెరిగో తగ్గో వెళ్తుంది. భయం, ఆశ, నిద్ర, దృష్టి, అన్నీ పైనుంచి ఆ తలుపు మీద పనిచేసేవే. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత కొన్ని మారాయి, అసలు సంగతి నిలిచింది. అంతకుముందే 1944లో ఇటలీలో ఆంజియో యుద్ధంలో బీచర్ అనే డాక్టరు చూశాడు. ఒళ్లు తూట్లు పడ్డ సైనికుల్లో నలుగురిలో ముగ్గురు మార్ఫిన్ అక్కర్లేదన్నారు. వాళ్లకి ఆ గాయమంటే ఇంటికి వెళ్లిపోవచ్చు. నాకు ఈ నొప్పంటే మళ్లీ వచ్చిందేమో. గాయం ఎంతో అన్నదొక్కటే కాదయ్యా, ఆ గాయం మనకి ఏం చెప్తోందన్నది కూడా నొప్పే.

మరిది: ఇది నేను కాదనలేను. కానీ చూడండి, మీరు చెప్పిన దారి కూడా నరాల్లోదే. వెన్నుపాము, మెదడు. అది ఒళ్లే.

వదిన: ఒళ్లు కాదని నేనెప్పుడన్నాను? మనసు ఎక్కడో గాలిలో ఉందనుకున్నది నువ్వు. అరికాళ్ల తిమ్మిరికి నువ్వు డాక్టరుచేత రాయించి ఇస్తున్న మాత్ర పేరేమిటి?

మరిది: దులాక్సెటిన్. కీమో వల్ల వచ్చే నరాల నొప్పికి పనిచేస్తుందని గట్టిగా ఋజువైంది అదొక్కటే. 2013లో 231 మంది మీద చేశారు.

వదిన: ఆ మాత్ర మొదట దేనికి బజారులోకి వచ్చింది?

మరిది: డిప్రెషన్‌కి. కానీ వదినా, డిప్రెషన్ లేనివాళ్లకి కూడా నొప్పి తగ్గిస్తుందది. సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అని రెండు రసాయనాలు, మీరన్న ఆ పైనుంచి దిగే దారిలోనే పనిచేస్తాయి.

వదిన: అంటే దిగుల్ని దించే రసాయనాలూ నొప్పిని దించే రసాయనాలూ అవే. నీ అరలోనే ఉంది నా వాదన, ఇన్నాళ్లూ చీటీ చూసి అమ్ముతున్నావు.

మరిది: ఒప్పుకుంటాను. అయితే ఒక హెచ్చరిక వినాలి మీరు. మాటలతో సరిపోయేది కాదిది. మీరు వాడేది లెట్రోజోల్ కాబట్టి ఇబ్బంది లేదు. టామాక్సిఫెన్ అనే ఇంకో హార్మోను మాత్ర వాడేవాళ్లకి దిగులు మాత్రల్లో కొన్ని పడవు. పారాక్సెటిన్ లాంటిది ఆ మందు పనినే తగ్గిస్తుంది. అందుకని ఎవరో చెప్పారని కొనుక్కుని వేసుకోకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. "సగం భయమే" అని మీరు సర్దుకుపోతే, రేపు నిజంగా ఎముకలో ఏదైనా మొదలైనప్పుడు? కొత్త నొప్పి, ఒకే చోట నిలిచిన నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి, రెండు వారాలైనా పెరుగుతూనే ఉన్న నొప్పి. వీటిని భయం ఖాతాలో వేయడానికి వీల్లేదు. స్కానింగుకి వెళ్లాల్సిందే.

వదిన: అది నువ్వు గట్టిగా చెప్పు, నేను వింటాను. నా పుస్తకంలో దానికి వేరే గీత గీస్తాను. నిజం చెప్పాలంటే ఆ తేడా తెలియకపోవడం కూడా నా భయంలో పెద్ద భాగం. ఏది పాత నొప్పో ఏది కొత్తదో ఎవరూ చెప్పరు. కాగితం మీద మందులు రాసిచ్చారు కానీ, ఏ నొప్పికి పరిగెత్తాలి, ఏ నొప్పితో సర్దుకోవాలి అన్నది ఎవరూ ఒక చీటీ మీద రాసివ్వలేదు.

మరిది: అది రాసివ్వడం నా వల్ల అవుతుంది. అతికించి పెడతాను షాపులో.

వదిన: అతికించేటప్పుడు నీ షాపు కుర్రాడి నోరు కూడా అతికించు. లెట్రోజోల్ మొదటి పట్టీ కొన్న రోజు ఏమన్నాడో తెలుసా? "ఇది కీళ్లు విరిచేస్తదమ్మగారూ, మా పిన్ని మంచం దిగలేదు" అన్నాడు. జర్మనీలో 2016లో చూశారు ఈ సంగతి. హార్మోను మాత్రలు మొదలుపెట్టబోయే 111 మందిని, ఎలాంటి బాధలొస్తాయనుకుంటున్నారో ముందే అడిగారు. చాలా బాధలొస్తాయని భయపడినవాళ్లకి రెండేళ్ల తర్వాత నిజంగానే బాధలెక్కువ, దాదాపు రెట్టింపు.

మరిది: అయితే ఏం చెయ్యమంటారు? దుష్ఫలితాలు దాచమంటారా? తెలియకుండా మింగి, కీళ్లు పట్టేస్తే ఎవరికీ చెప్పకుండా మందు మానేసేవాళ్లని నేను చూస్తున్నాను. అది ఇంకా ప్రమాదం.

వదిన: దాచమనలేదు. "సగంమందికి కీళ్లు పట్టేస్తాయి" అన్నావు ఇందాక. "సగంమందికి ఏమీ రాదు, వస్తే రోజూ నడిస్తే తగ్గుతుంది, తగ్గకపోతే మాత్ర మార్చొచ్చు, మీరుగా మానొద్దు" అనొచ్చు కదా? అదే లెక్క, అదే నిజం. వినేవాళ్ల రాత్రి వేరేగా గడుస్తుంది.

మరిది: కుర్రాడికి చెప్తాను. కానీ అసలు కష్టం ఇదికాదు. నేను ఒప్పుకున్నాననుకోండి, మనసుకి కూడా వైద్యం కావాలని. ఎక్కడుంది? ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ ఉంది, 2007 నుంచి. కీమోకి ఉంది, రేడియేషన్‌కి ఉంది. "మళ్లీ వస్తుందేమో" అన్న భయానికి ఎక్కడికి పంపను? ఆస్ట్రేలియాలో 222 మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి సరిగ్గా ఆ భయానికే ఐదు సిటింగులు ఇస్తే తగ్గిందని 2017లో రాశారు. హైదరాబాద్ ఎంఎన్‌జె కేన్సరు ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ వాళ్లు నొప్పికీ మనసుకీ కలిపి చూసే విభాగం నిలబెట్టారు. రావులపాలెంలో? రాజమండ్రి వెళ్లి సైకియాట్రిస్టు బోర్డు కింద కూర్చుంటే సాయంత్రానికి ఊరంతా పిచ్చి అంటారు.

వదిన: 14416 కి ఫోన్ చేశాను నేను. టెలి మానస్. తెలుగులోనే మాట్లాడారు. ఎవరి బోర్డు కిందా కూర్చోలేదు. చెకప్ ముందురోజు రాత్రి నిద్రపట్టకపోతే ఏం చెయ్యాలో చెప్పారు. పక్కమీద దొర్లొద్దు, లేచి కూర్చో, భయాన్ని కాగితం మీద పెట్టు, ఊపిరి లెక్కపెట్టు అని. చిన్నవే. చెయ్యి కొంచెం వదులైంది. అది చాలదు, ఒప్పుకుంటాను. మన మండలంలోనే ఈ జబ్బు దాటిన ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బతుకుతున్నారు. నీ షాపుకి మాత్రలకి వచ్చేవాళ్లకి నువ్వు చెప్తే, నెలకోసారి మా ఇంటి అరుగుమీద కూర్చోబెడతాను. ఎవరికీ ఏమీ బోధించను. చెయ్యి వాపు తగ్గే వ్యాయామం చేసుకుంటాం, మాట్లాడుకుంటాం.

మరిది: ఎవరూ రారు వదినా. పేరు బయటపడుతుందని. ఈ షాపులో కూడా జబ్బు పేరెత్తరు. చీటీ మడతపెట్టి ఇస్తారు.

వదిన: ఎందుకు ఎత్తరో నీకు తెలీదా? పోయిన నెల నీ కూతురి సంబంధం వాళ్లొచ్చినప్పుడు నన్ను వంటింట్లో ఉండమన్నది ఎవరు?

మరిది: ...నేనలా అనలేదు. ఇంట్లో మీ తోడికోడలు అంది.

వదిన: నువ్వు విన్నావు. నీ కూతురికీ నాకూ రక్తసంబంధం లేదు. మీ అమ్మకి వచ్చింది వైరస్ వల్ల వచ్చే కేన్సరు, వంశంలో దిగేది కాదు. ఫార్మసీ చదివినవాడివి, నీకు తెలిసీ ఊరుకున్నావు. ఆ సాయంత్రం నేను స్టవ్ దగ్గర నిలబడి కాఫీలు కలిపాను. నొప్పి ఎంతుందో పుస్తకంలో రాశాను. ఆ నెలంతటికీ అదే పెద్ద అంకె. చెకప్ లేదు, బరువెత్తలేదు, మాత్ర మారలేదు. ఏ నరం దెబ్బతిందయ్యా ఆ రోజు?

మరిది: ఆ అంకె నాకెందుకు చెప్పలేదు?

వదిన: నొప్పంటే నువ్వు మాత్ర తెస్తావు కాబట్టి.

మరిది: తెస్తాను. ఇప్పుడూ తెస్తాను. మీరు నొప్పి డాక్టరుకి ఒకసారి చూపించుకోవాలి, ఆ చెయ్యికి. ఇందులో నేను తగ్గను. అంకె పెద్దదైన కారణం ఏదైనా, నరం నరమే.

వదిన: చూపించుకుంటాను. ఆ పుస్తకం కూడా పట్టుకెళ్తాను, మొత్తం చదివించి మరీ. సంబంధం వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తున్నారు?

మరిది: ఆదివారం.

వదిన: నేను హాల్లో కూర్చుంటాను. అడిగితే జబ్బు పేరు చెప్తాను, అడక్కపోతే అడిగేదాకా ఆగుతాను. ఇంట్లో ఈ మాట నువ్వు చెప్తావా, నేను చెప్పనా?

మరిది: నేను చెప్తాను. గొడవవుతుంది.

వదిన: అవనీ.

మరిది: వాళ్లు ఆ మాట మీద వెనక్కి తగ్గితే?

వదిన: అప్పుడు నీ కూతురికి ఆ ఇల్లు సరిపోతుందో లేదో నువ్వే ఆలోచించుకో. రేపు ఆ పిల్లకి ఏ జ్వరమొచ్చినా గ్లాసు విడిగా పెట్టే ఇల్లవుతుందది.